అంచు నీకు, నడుమ నాకు

ఆ ఆదివారం పొద్దున జిగురు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒంటిగంటకు కాబోయే వియ్యపురాలు కొడుకును వెంటబెట్టుకుని భోజనానికి వస్తుంది. ఈలోగా ఆయన తన చేతులతో వంట చేస్తాడు. అంతే. లోకంలో కోట్లమంది రోజూ విసుక్కుంటూ చేసే పనే. ఆయన మాత్రం అరవయ్యో ఏట మొదటిసారి చేయబోతున్నాడు.

జిగురు మాస్టారు అసలు పేరు జీతాల పట్టీలో ఎక్కడో ఉంది. గ్రంథాలయంలో ఎవరికీ అది గుర్తులేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన అక్కడి వెనకగదిలో కూర్చుని, చిరిగిన పుస్తకాల కుట్లు విప్పి, మళ్ళీ కుట్టి, అట్టలు వేస్తున్నాడు. మైదాపిండి జిగురు ఉడికించడంలో ఆయనను మించినవాడు లేడు. ఉండ కట్టనివ్వడు, అడుగంటనివ్వడు. పొయ్యి మీద ఆయనకు తెలిసిన విద్య ఆ ఒక్కటే. ఇంట్లో కరెంటు పొయ్యి ఉన్నది కూడా అందుకే. జిగురు పని లేని రోజుల్లో దాని మీద కొత్తగా అట్టలేసిన పుస్తకాలు బరువు కింద ఆరుతుంటాయి.

మరి తండ్రీ కూతుళ్ళు ఇన్నేళ్ళూ ఏం తిని బతికారంటే, డబ్బాలు తిని.

భార్య పోయేనాటికి కూతురికి ఆరేళ్ళు. కొన్నాళ్ళు చుట్టుపక్కలవాళ్ళు తిండి పంపారు. తరవాత ఎవరి ఇళ్ళు వాళ్ళకు గుర్తొచ్చాయి. ఒక సాయంత్రం మాస్టారు వీధి మలుపులోని దుకాణానికి వెళ్ళి, ఐసు పెట్టెలోంచి రెండు డబ్బాలు తెచ్చాడు. అప్పట్లో మూడే రకాలు వచ్చేవి. ఎర్రమూతది కోడిమాంసం, అన్నం. పచ్చమూతది కూరగాయలు. పసుపుమూతది నూడుల్స్. కళ్ళు మూసుకుని తింటే మూడూ ఒకటే. చవకగా వచ్చేవి, గిన్నెలు తోమే పని ఉండేది కాదు, చెయ్యి కాల్చుకునే అవసరమే లేదు. పైనున్న ప్లాస్టిక్ పొరకు చిల్లులు పెట్టమని డబ్బా మీద రాసి ఉంటే, మాస్టారు పుస్తకాలు కుట్టే దబ్బనం తీసుకుని, కుట్టుకు గుర్తులు పెట్టినంత జాగ్రత్తగా, ఒకే వరసలో ఐదు చిల్లులు పొడిచేవాడు.

ఏడు నిమిషాలు తిరగాలి, రెండు నిమిషాలు ఆగాలి. పిల్ల ఎత్తుపీట మీద కూర్చుని, మైక్రోవేవ్ అద్దానికి ముక్కు ఆనించి, లోపల డబ్బా గిరగిరా తిరగడం చూసేది. ఆ తొమ్మిది నిమిషాల్లోనే ఎక్కాలు అప్పజెప్పేది. బడిలో ఎవరు ఎవరిని గిల్లారో చెప్పేది. నాన్న తన వంతుగా ఆ రోజు పుస్తకాల్లో ఏం దొరికాయో చెప్పేవాడు. ఎండిన పువ్వు, బస్సు టికెట్టు, ఒకసారి ఎవరిదో పన్ను. వంట చేసుకునే ఇంట్లో తండ్రికి తొమ్మిది నిమిషాల తీరిక ఎక్కడ దొరుకుతుంది? ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ఆ ఇంట్లో ఇద్దరికీ గొంతు పట్టేస్తుంది. అందులో కొంత వాటా డబ్బాల్లోని ఉప్పుది కూడా.

ఉప్పు సంగతి డాక్టరు ఎప్పుడో చెప్పాడు. మాస్టారి పాదాలు సాయంత్రానికి చెప్పుల్లో పట్టేవి కావు. వారానికి ఎన్ని డబ్బాలు తింటారని అడిగి, జవాబు విని, డాక్టరు కలం కింద పెట్టేశాడు. కానీ ఆయనను బాధపెట్టింది పాదాలు కాదు. కూతురు రెండో తరగతిలో ఉండగా, మీ వంటిల్లు బొమ్మ వేయండని బళ్ళో చెప్పారట. పిల్ల ఒక చదరం గీసి, దానికి కిటికీ పెట్టి, పక్కన మూడు బొత్తాలు పెట్టింది. "టీవీ బొమ్మ బాగుంది" అని టీచరు కింద రాసింది. ఆ కాగితం చూసిన రోజున మాస్టారి మనసులో ముల్లు దిగింది. నా పిల్లకు నేను సరిగా తిండి పెట్టలేకపోయాను అనే ముల్లు. ఇరవై ఏళ్ళయినా అది ఊడి రాలేదు.

ఇప్పుడా పిల్ల కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తోంది. లిఫ్టులు బాగుచేసే కుర్రాడొకణ్ణి ఇష్టపడింది. కుర్రాడు బుద్ధిమంతుడు, నవ్వుమొహంవాడు. తొలిసారి ఇంటికొచ్చిన రోజున నవ్వుతూనే బాంబు పేల్చాడు.

"మా అమ్మ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషి మావయ్యా. రోజూ ఆరువందల మందికి వండుతుంది. డబ్బా తిండి మాటెత్తితే మాత్రం ఒళ్ళుమంట ఆవిడకి."

ఆరువందల మందికి అన్నం పెట్టే మనిషి, ఒక్క పిల్లకు పెట్టలేని మాస్టారి ఇంటికి రాబోతోంది. తిండి ఎరగని ఇంటి పిల్ల అని ఆవిడ ఒక్క మాట అంటే ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? అందుకే ఈ వంట.

పొద్దున దుకాణానికి వెళ్ళబోతూ కూతురు గుమ్మంలో ఆగింది.

"నాన్నా, నా మాట విను. వచ్చేటప్పుడు నాలుగు ఎర్రమూతలు తెస్తాను. నీకెందుకీ శ్రమ?"

"ఇవాళ ఈ గడప లోపలికి డబ్బా వచ్చిందంటే నేను బయటికి పోతాను చిట్టీ."

"పోనీ, ఏం వండుతున్నావో అదైనా చెప్పు."

"పుస్తకంలో ఏముంటే అది."

పుస్తకం గ్రంథాలయానిదే. మరమ్మతుకు వచ్చిన పాత వంటల పుస్తకం. కుట్టు విప్పగా పదహారేసి పేజీల కట్టలు విడివిడిగా ఉన్నాయి. వాటిని దారంతో కట్టి సంచిలో వేసుకుని తెస్తుంటే, ముందురోజు మెట్ల మీద దారం తెగి కట్టలన్నీ చెల్లాచెదురయ్యాయి. పేజీ అంకెలు చూసి సర్దుదామంటే, ఏనాడో ఎలుకలు ఆ మూలలన్నీ శుభ్రంగా కొరికేశాయి. ఇంకొకరైతే చదువుకుంటూ సర్దేవారు. మాస్టారు పనివాడు. మరకలు చూసి సర్దాడు. ఒక కట్ట చివరి పేజీ మీద నూనె మరక ఎక్కడుందో, తరవాతి కట్ట మొదటి పేజీ మీద అక్కడే ఉండాలి. "మనిషి అబద్ధమాడతాడు గాని మరక ఆడదు" అని పనివాళ్ళకు ఆయన ఎప్పుడూ చెప్పే మాటే. మరక నిజమే చెప్పింది. కాకపోతే ఆ పుస్తకంలో అలాంటి మరకలు పద్నాలుగున్నాయి.

అలా కోడిమాంసం, బంగాళాదుంపల వంటకం ఒక కట్ట చివర సగంలో ఆగిపోయి, పుట్టినరోజు కేకు రెండో సగంతో కలిసింది. ఆ సంగతి మాస్టారికి తెలియదు.

తొమ్మిదింటికి పొయ్యి మీది పుస్తకాలు దింపి పని మొదలుపెట్టాడు. మాంసం కడిగాడు, దుంపలు కోశాడు. కొలబద్ద పెట్టి కోశాడేమో, ముక్కలన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి. మిరియాలు వేశాడు, ఉల్లిపాయలు వేయించాడు. వాసనకు ఎదురింటి టీచరమ్మ తలుపు తీసి చూసి, మాస్టారింట్లో వంటేమిటి, తమ ఇంట్లో వాసనే అయ్యుంటుంది అనుకుని మళ్ళీ వేసుకుంది. మాస్టారి కళ్ళు చెమర్చాయి. ఉల్లిపాయల వల్లే అనుకున్నాడు. "ముక్కలు మెత్తబడ్డాక మంట తగ్గించి" అన్నచోట పేజీ అయిపోయింది. తిప్పాడు. "రెండు కప్పుల పంచదార, ఆరు గుడ్ల సొన వేసి నురుగు వచ్చేదాకా గిలక్కొట్టండి" అని ఉంది.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. కోడిమాంసంలో పంచదారా? అయితే ముప్ఫై ఒక్క ఏళ్ళలో తాను కుట్టిన ఏ పుస్తకంలోనూ ఏ వాక్యాన్నీ ఆయన అనుమానించలేదు. అచ్చులో ఉన్నదాన్ని తప్పు పట్టడానికి తానెవడు? పంచదార పోశాడు. తరవాత మైదా వేయమంది. అక్కడికి వచ్చేసరికి ఆయనకు ఏనుగెక్కినంత ధైర్యం వచ్చింది. ఉండ కట్టకుండా, ఒకే వైపుకు తిప్పుతూ, వేళ్ళ మధ్య రాసి పాకం చూశాడు. అలవాటుకొద్దీ చెయ్యి మైలతుత్తం పొట్లం మీదికి వెళ్ళింది. జిగురుకు పురుగు పట్టకుండా వేసే విషం అది. ఉలిక్కిపడి వెనక్కి లాక్కున్నాడు. అచ్చులో పోసి, మూతపెట్టి, సన్నని సెగ మీద నలభై నిమిషాలు ఉంచి, పళ్ళెంలోకి బోర్లించాడు. చివరగా పైన ఒక చెర్రీ పండు పెట్టమంది. ఆ ఒక్క పండు కోసం మూడు దుకాణాలు తిరిగొచ్చాడు.

పన్నెండుంబావుకు రుచి చూశాడు.

ఇరవై ఏళ్ళు డబ్బాలు తిని దేనికీ నోరెత్తని నాలుక అది. అలాంటి నాలుక కూడా ఎదురు తిరిగింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. వంట చేయడం అంటే ఇంత కష్టమా, లోకంలో ఆడవాళ్ళు మగవాళ్ళు ఇదంతా ఎలా చేస్తున్నారు అనుకున్నాడు. తప్పు పుస్తకానిది అని మాత్రం కలలో కూడా అనుకోలేదు. పళ్ళేన్ని వరండాలో బట్టలుతికే తొట్టి కింద బోర్లేసి దాచి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వీధిలోకి పరిగెత్తాడు.

"ఎప్పట్లాగే రెండేనా మాస్టారూ?" అన్నాడు దుకాణదారు, ఐసు పెట్టె తెరుస్తూ.

"నాలుగు. సంచి నల్లది ఇవ్వు. బయటికి కనబడకూడదు."

"డబ్బాలేగా సార్, సారాయి కాదుగా!"

ఇంటికొచ్చి లెక్కవేసుకున్నాడు. డబ్బాకు తొమ్మిది నిమిషాలు, నాలుగు డబ్బాలకు ముప్ఫై ఆరు. ఉన్నది ఇరవై ఎనిమిది. ఎదురింటి తలుపు కొట్టి టీచరమ్మ మైక్రోవేవ్ అడిగి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. రెండింటినీ ఒకే ప్లగ్గుకు తగిలించాడు. ఒక్కోదాంట్లో రెండేసి డబ్బాలు, ఒకదాని మీద ఒకటి. అంటుకుపోయిన అచ్చును నానబెట్టడానికి కరెంటు పొయ్యి మీద నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి. రెండు బొత్తాలూ ఒకేసారి నొక్కాడు.

ఠప్ మంది. ఇంట్లో పోయింది, ఎదురింట్లో పోయింది, ఆ ఐదంతస్తుల పాత భవనం మొత్తం పోయింది. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ నడుమ లిఫ్టు ఆగిపోయింది.

లిఫ్టులో ఇద్దరున్నారు. ఒకరు కాబోయే వియ్యపురాలు. నిండైన మనిషి, మోచేతుల దాకా నూనె చుక్కల మచ్చలు, సూటిగా చూసే కళ్ళు. కొడుకు బండి నిలపడానికి వెళ్తే, ముందుగా పైకి బయల్దేరింది. రెండో మనిషి ఆవిడ కాబోయే కోడలు. దుకాణం నుంచి తిరిగొస్తూ కింద గుమ్మం దగ్గర కలిసింది. కోడలి చేతిలో గుడ్డసంచి ఉంది. సంచిలో నాలుగు ఎర్రమూతలున్నాయి.

"చేతిలో అంత బరువేంటమ్మా?" అంది ఆవిడ, ఫోను వెలుతురు సంచి మీద వేసి.

"కళ్ళజోళ్ళండీ అత్తయ్యా. దుకాణంవి."

పది నిమిషాలు గడిచాయి. ఉక్కపోస్తోంది. సంచి అడుగునుంచి ఒక చుక్క జారి ఆవిడ పాదం మీద పడింది. వెనకాలే ఇంకొకటి.

"కళ్ళజోళ్ళు కారుతున్నాయమ్మా."

"కొత్తవి కదండీ," అంది పిల్ల, తానేమంటోందో తనకే తెలియక.

కిందనుంచి కుర్రాడి గొంతు వినిపించింది. "అమ్మా, భయపడకు! లిఫ్టు తాళంచెవి బండిలో ఉంది, తెస్తున్నా!"

"భయమెందుకురా? ఆకలేస్తోంది!"

అంతలో మెట్ల మీద ధబధబా అడుగుల చప్పుడు. లిఫ్టు తలుపు సందులోంచి మాస్టారి గొంతు, రొప్పుతూ: "చెల్లెమ్మా, కంగారు పడకండి! భోజనం సిద్ధంగా ఉంది. అన్నీ వేడివేడిగా!"

"అలాగే అన్నయ్యగారూ," అని ఆవిడ, సంచినీ కోడలినీ ఎగాదిగా చూసింది. "ఆయన వేడివేడిగా వండి ఉంటే, ఈ ఐసు ఎవరికమ్మా?"

ఫోను వెలుతురు సంచి మీదే ఉంది. చీకట్లో తన మొహం కనబడదన్న ధైర్యంతో పిల్ల నోరు విప్పింది.

"దాచాలని కాదండీ. నాన్న వంట బాగుండదని తెచ్చానని ఆయన అనుకుంటాడు, అందుకే చెప్పలేదు. నేను పెరిగింది ఈ డబ్బాల మీదే. మీకు ఇష్టం లేదని తెలుసు. అయినా ఒక్కసారి మీరు తిని చూస్తే బాగుండుననిపించింది. ఇవి మైక్రోవేవ్‌లో పెడితే అంచులు పొగలు కక్కుతాయి, నడుమ మంచుగడ్డ అలాగే ఉంటుంది. నాన్న రోజూ చెంచాతో గీత గీసేవాడు, అంచు నీకు, నడుమ నాకు అని. నాకు చల్లగా ఉంటేనే ఇష్టం చిట్టీ అనేవాడు. పదేళ్ళు వచ్చేదాకా నిజమే అనుకున్నానండీ. ఒకసారి నాన్న జ్వరంతో పళ్ళు టకటకలాడుతున్నా ఆ గడ్డే కొరుకుతుంటే అప్పుడు తెలిసింది."

ఆవిడ ఫోను వెలుతురు ఆర్పేసింది. కుర్రాడు తలుపు తెరిచేదాకా ఇద్దరూ చీకట్లోనే నిలబడ్డారు.

రెండు గంటలకు మాస్టారు తప్ప ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. బల్ల మీద నాలుగు ఖాళీ కంచాలున్నాయి. కరెంటు మనిషి సాయంత్రం గాని రాడట. మాస్టారు ఒకసారి వంటింట్లోకి, ఒకసారి వరండాలోకి తిరుగుతున్నాడు. నాలుగు డబ్బాలు మైక్రోవేవుల్లో పచ్చిగా ఉన్నాయి. కూతురు తెచ్చిన నాలుగు సంచిలో కారుతున్నాయి. పొయ్యి చల్లగా ఉంది. ఆయన చేతులు నలుపుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"క్షమించండి చెల్లెమ్మా. వండలేదు. అంటే, వండాను. చెడిపోయింది. తరవాత డబ్బాలు తెచ్చాను. మీరు డబ్బా తినరని తెలిసి కూడా మోసం చేద్దామనుకున్నాను. నాకు తిండి పెట్టడం చేతకాదు. ఇప్పుడనే కాదు, ఎప్పుడూ చేతకాలేదు. దానికి పిల్లను ఏమీ అనకండి."

"వండిందేది?" అంది ఆవిడ.

"అది తినలేరండీ."

"తినగలనో లేదో నేను కదా చెప్పాలి. తీసుకురండి."

తొట్టి కిందనుంచి పళ్ళెం వచ్చింది. గోధుమరంగు ముద్ద ఒకటి నిలువెల్లా వణుకుతూ, తల మీద చెర్రీ పండుతో, బల్ల నడుమ కూర్చుంది. పక్కనుంచి కోడికాలు ఒకటి బయటికి తొంగిచూస్తోంది. కుర్రాడు ముక్కున వేలేసుకున్నాడు. ఆవిడ చాకుతో కోసి, ఒక ముక్క కంచంలో వేసుకుని, నోట్లో పెట్టుకుని నమిలింది. చాలాసేపు నమిలింది.

"ఇవి రెండు వంటలు అన్నయ్యగారూ. ముందు సగం కోడిమాంసం, వెనక సగం కేకు. రెండు సగాలూ ఎక్కడా తప్పు లేకుండా చేశారు. కలపడమే తప్పు."

మాస్టారు గబగబా వెళ్ళి పుస్తకం కట్టలు తెచ్చి, పేజీలు తిప్పి, తల పట్టుకున్నాడు. తలెత్తేసరికి ఆవిడ రెండో ముక్క కోసుకుంటోంది.

"అమ్మా, వద్దే! ఏమైనా అవుతుంది!" అన్నాడు కొడుకు.

"నువ్వూరుకోరా." ఆవిడ మాస్టారి వైపు తిరిగింది. "ఇన్నేళ్ళలో నేను ఎవరింటికి వెళ్ళినా, మీరొచ్చారుగా, కాస్త ఉప్పు చూడండని గరిటె నా చేతికిచ్చేవాళ్ళే. ఆరువందల మందికి పెట్టేదానికి తిండికేం కరువని అందరి ఉద్దేశం. నాకోసమని పొద్దున్నే లేచి, పొయ్యి వెలిగించి, మూడు దుకాణాలు తిరిగి పండు తెచ్చిన మనిషి నాకు తెలిసి ఇంకొకరు లేరు."

"చెర్రీ సంగతి మీకెలా తెలుసు?"

"ఈ రోజుల్లో అవి ఒక్క దుకాణంలో దొరుకుతాయా?" అని ఆవిడ కంచం పక్కకు జరిపింది. "డబ్బా తిండి నాకు ఇప్పటికీ గిట్టదు. ఒట్టి ఉప్పు. ఎవరు తింటున్నారో దానికి తెలియదు. కానీ మీ ఇంట్లో డబ్బాకు తెలిసింది. అంచు ఎవరికో, నడుమ ఎవరికో మీరు గీత గీశారు. మీ అమ్మాయి లిఫ్టులో అంతా చెప్పింది. తిండి పెట్టడం చేతకాని వాళ్ళు అలా గీయరు."

మాస్టారు కూతురి వంక చూశాడు. ఇరవై ఏళ్ళుగా పిల్లకు తెలియదనుకున్న సంగతి అది. తానూ ఒక ముక్క కోసుకుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళనుంచి నీళ్ళు జలజలా కారాయి. ఈసారి ఉల్లిపాయలు లేవు. కూతురు లేచి వచ్చి ఆయన భుజం మీద గడ్డం ఆనించింది. కుర్రాడు, అందరూ తింటుంటే తానొక్కడే తినకపోతే బాగుండదని, తెగించి ఒక చెంచా తీసుకున్నాడు. పళ్ళెం ఖాళీ అయింది. సాయంత్రం లోపల పెళ్ళి తేదీ కూడా ఖాయం చేసుకున్నారు.

మర్నాడు ఆవిడ కడుపు పట్టుకుని క్యాంటీన్‌కు సెలవు పెట్టింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో అదే మొదటి సెలవట.